బోరు బండిలో రెండో బ్యాటరీ

బోరు బండి ఎప్పుడూ ఒంటరిగా రాదు. ముందు లారీ మీద రిగ్గు, వెనక లారీ మీద రాడ్లు, డీజిలు, బియ్యం బస్తా, గ్యాసు పొయ్యి, పరుపులు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల పల్లెల్లో బోర్లు వేసే బండ్లలో చాలావాటి సొంతూరు తమిళనాడులోని తిరుచెంగోడు. పనివాళ్లలో చాలామందిది ఉత్తరాది. నెలల తరబడి ఆ లారీయే వాళ్లకు ఇల్లు. విదేశాల్లో ఇలాంటి బండిని క్యాంపర్ అంటారు, సెలవుల్లో షికారుకు వాడతారు. మన దగ్గర అది సెలవుల్లేనివాళ్ల కాపురం.

ఇల్లన్నాక దీపం వెలగాలి, ఫ్యాను తిరగాలి, ఫోన్లకు ఛార్జింగు దొరకాలి. పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజను లేవాలి. ఇదంతా ఒకే బ్యాటరీ నెత్తిన పడినప్పుడే తంటా మొదలు.

1912లో అమెరికాలో క్యాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ అమర్చే దాకా ఇంజను లేవాలంటే హ్యాండిల్ తిప్పడమే. ఆ తర్వాత బ్యాటరీ బండికి ప్రాణమైంది. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైన నాటికి బండ్లలో కరెంటు పుట్టించేది డైనమో. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని నుంచి ఛార్జింగు వచ్చేదే కాదు. బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా కటౌట్ ఒకటి కాపలా ఉండేది. హెడ్‌లైట్లకే చాలీచాలని ఆ కరెంటుతో రెండో బ్యాటరీని పోషించడం ఎక్కడి మాట? సిలికాన్ డయోడ్లు వచ్చాక దారి తెరుచుకుంది. 1960లో క్రైస్లర్ తన వేలియంట్ కారులో డైనమో బదులు ఆ డయోడ్లతో పనిచేసే ఆల్టర్నేటర్ పెట్టింది. ఇంజను ఊరికే తిరుగుతున్నా అది ఎంతో కొంత ఛార్జింగు ఇస్తుంది.

బండిని ఇల్లుగా చేసుకున్న తెలుగువాళ్లలో అందరికీ గుర్తొచ్చేది ఎన్టీఆరే. 1982లో పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్య రథంగా మార్చుకుని రాష్ట్రమంతా తిరిగారు. ఎన్నికలొస్తే ఊరూరా తిరిగే ప్రచార జీపులది ఇదే బడి. మైకు సెట్టుకు 12 వోల్టుల బ్యాటరీ వేరుగా ఉంటుంది, రాత్రికి దాన్ని బ్యాటరీ షాపులో ఛార్జింగుకు పెడతారు. ఇంజను బ్యాటరీకే మైకు తగిలిస్తే నాయకుడి ఉపన్యాసంలో ఆల్టర్నేటర్ ఈల కూడా వినిపిస్తుంది. సభ అయిపోయాక జీపును జనమే తోయాల్సి రావచ్చు, అది అసలు బాధ.

లారీలో కథ ఇంకాస్త చిక్కు. పెద్ద లారీకి 24 వోల్టులు కావాలి కాబట్టి 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరసగా కలుపుతారు. చిన్న ఫ్యాను, టేపు రికార్డరు మాత్రం 12 వోల్టులవి. సులువని ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగేస్తారు. కొన్నాళ్లు ఏమీ తెలియదు. వాడిన బ్యాటరీ రోజూ కాస్త దిగుతుంది. ఆల్టర్నేటర్ చూసేది రెండింటి మొత్తాన్నే, 28 వోల్టులు అందితే దాని పని అయిపోయినట్టే. అందులో దిగిన బ్యాటరీ వాటాకు 13 వస్తే, నిండుగా ఉన్నదాని మీద 15 పడుతుంది. ఒకటి ఆకలితోనూ ఇంకొకటి అజీర్తితోనూ పోతాయి. పాలమూరు ఎండల్లో డిస్టిల్డ్ వాటర్ ఎలాగూ త్వరగా తగ్గుతుంది, ఈ అజీర్తి తోడైతే ప్లేట్లు బయటపడతాయి. యజమాని మాత్రం బ్యాటరీ కంపెనీని తిడతాడు!

మందు ఖరీదైందేమీ కాదు. 24ను 12కు దించే కన్వర్టరు పెడితే రెండు బ్యాటరీలూ సమానంగా మోస్తాయి. ఇంటి వాడకానికి వేరే బ్యాటరీ ఉంటే ఇంజను నడిచేటప్పుడే రెండింటినీ కలిపే రిలే పెట్టాలి. ఇంజను ఆగితే బంధం తెగిపోవాలి. రిలే బదులు డయోడు వాడేవాళ్లూ ఉన్నారు. అది 0.7 వోల్టు దాకా మింగేస్తుంది గనుక రెండో బ్యాటరీకి కడుపు నిండదు.

వైరు సంగతి చాలామంది పట్టించుకోరు. 12 వోల్టుల బండిలో 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పోనూ రానూ 10 మీటర్లు ఉందనుకుందాం. అందులో 20 ఆంపియర్లు పారితే 0.6 వోల్టు దారిలోనే పోతుంది. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 ఉన్నది వెనక బ్యాటరీకి చేరేసరికి 13.6. ఆ లెక్కన నిండడం బాగా ఆలస్యమవుతుంది. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం పావు వోల్టు లోపే.

బోరు పడుతున్న రాత్రి ఛార్జింగుకు కొదవలేదు, ఇంజను తెల్లవార్లూ మోగుతుంది. పని కుదిర్చే ఏజెంటు ఫోను కోసం ఎదురుచూస్తూ చెట్టు కింద ఆగిన రోజుల్లోనే బ్యాటరీ దిగుతుంది. వానాకాలంలో అలాంటి రోజులే ఎక్కువ.

2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్-6 లారీల్లో కంప్యూటర్ల పెత్తనం పెరిగింది. ఎక్కడపడితే అక్కడ వైరు కోసి అతికిస్తే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగే ప్రమాదముంది. లిథియం బ్యాటరీ నేరుగా తగిలిస్తే అది ఆబగా కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ను కాల్చేయగలదు, మధ్యలో కరెంటుకు కళ్లెం వేసే ఛార్జరు ఉండాల్సిందే. 2025 నుంచి కొత్త లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. ఎర్రవల్లి చౌరస్తా మీదుగా కర్నూలు వెళ్లే డ్రైవర్లకు మంచి మాటే. కానీ నిబంధన క్యాబిన్‌కే పరిమితం. బోరు బండి పనివాళ్లు పడుకునేది వెనక, రాడ్ల పక్కన. అక్కడి ఫ్యానుకు దిక్కు ఇప్పటికీ ఆటో ఎలక్ట్రీషియన్ లాగిన వైరే.