ధాత కరువు నుండి పదివేల రూపాయల దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ముప్పై అయిదేళ్ల రెవెన్యూ గుమాస్తాగిరీలో నా బల్ల మీదుగా పోయిన సహాయపు ఫైళ్లే ముందు గుర్తుకొచ్చాయి.

మన వైపు ఈ కథ 1876-78 నాటి ధాత కరువుతో మొదలు పెట్టాలి. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, అది 1911లో ఏర్పడింది. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటులో ఉండేవి. ఒళ్లు వంగేవాళ్లకు కరువు పనులు, వంగనివాళ్లకు ఉచిత సహాయం. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. ఈ తిండితో మనిషి పని చేయలేడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ ఎదురు రాశాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. పైఅధికారి మాటకు ఎదురు నోటు రాయడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా!

ఆ కరువులోనే లండన్ మేయరు చందాలు పోగు చేయించి పంపితే, స్థానిక కమిటీలు రైతుల చేతికి రొక్కమే ఇచ్చాయి. ఎద్దుకని, విత్తనానికని, ఇంటి కప్పుకని. తిరిగి కట్టనక్కరలేదు. తర్వాత 1883లో కరువు కోడు, 1884లో వ్యవసాయదారుల అప్పుల చట్టం వచ్చాయి. చట్టం కింద ఇచ్చిన తక్కావి మాత్రం అప్పే. 1973లో నేను ఉద్యోగంలో చేరేనాటికి కూడా తక్కావి బాకీల రిజిస్టర్లు బీరువా నిండా ఉండేవి.

కుటుంబ పెద్ద పోతే నేరుగా డబ్బు ఇచ్చే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం 1995 ఆగస్టు 15న వచ్చింది. మామూలు చావుకు అయిదు వేలు, ప్రమాదమైతే పది. 1998 నుండి అందరికీ పదివేలు, 2012లో ఇరవై వేలు చేశారు.

2001లో కుప్పం వైపు నుండి ఒకావిడ అర్జీ నా దగ్గరికి వచ్చింది. భర్త బెంగుళూరులో కట్టడం పనికి పోయి అక్కడే చనిపోయాడు. మరణ ధృవపత్రం కన్నడంలో ఉంది. అందులో పేరు ఒక రకం, రేషను కార్డులో ఒక రకం. నేను రిమార్కు రాసి తిప్పి పంపాను. మూడుసార్లు. రూలు ప్రకారం నాది తప్పు కాదు. కానీ ఊళ్లో విచారించి, ఇద్దరూ ఒకరేనని ఒక వాక్యం రాయించి ఉంటే సరిపోయేది. ఆ మాట నాకు తట్టలేదు, లేదా తట్టనివ్వలేదు. ఎనిమిది నెలలకు సొమ్ము మంజూరైంది. వేలిముద్ర వేస్తూ ఆమె, "ముందే ఇచ్చింటే ఆవన్నా మిగిలేది సార్" అంది. కోపం లేదు, ఊరికే చెప్పినట్టు చెప్పింది. కొడుకును బడి మాన్పించి ఆ బెంగుళూరికే పంపిందట.

2004 జూన్ 1న 421వ నంబరు జీవో వచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష, అప్పులు తీర్చడానికి యాభై వేలు. మండలంలో ఒక కమిటీ, డివిజన్లో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ ఏడీలతో ఒక కమిటీ విచారించేవి. పట్టాదారు పాస్ పుస్తకం, అప్పు పత్రాలు, పోస్టుమార్టం నివేదిక అన్నీ చూసేవారు. ఇక్కడే కౌలు రైతు దెబ్బతిన్నాడు. నోటి మాట మీద నేల తీసుకుని టమోటా పెట్టినవాడికి పాస్ పుస్తకం ఎక్కడిది? వడ్డీ వ్యాపారి పత్రం ఎందుకిస్తాడు?

అలాంటి ఒక ఫైలు నా బల్ల మీదికొచ్చినప్పుడు నేను తిప్పి పంపలేదు. ఆ ఊరి నలుగురు చెప్పింది రాసుకుని, ఇతను సాగు చేసినవాడే, సహాయానికి అర్హుడే అని నోటు పెట్టాను. నా ఉద్యోగంలో ఎదురు నోటు అదొక్కటే. పైన ఒప్పుకోలేదు. నోటు మాత్రం ఫైల్లో ఉంది.