ఇద్దరు పట్టే తేలిక గుడారం

ఇద్దరు పట్టే తేలిక గుడారం అనగా కొండలలోను, అడవులలోను పలు దినాలు కాలినడకన ప్రయాణించేవారు తమ వీపుసంచిలో మోసుకొని పోగల చిన్న గుడారం. వాడుకలో దీనిని టెంట్ అనీ, డేరా అనీ అంటారు. వాహనంలో తీసుకొనిపోయే కుటుంబ గుడారాలు 4 కిలోగ్రాములకు మించి తూగవచ్చు. ఈ తరగతి గుడారాలు చాలావరకు 1 నుండి 2 కిలోగ్రాముల మధ్య ఉంటాయి. 1 కిలోగ్రాముకు అటూ ఇటూగా ఉన్నవాటిని అతితేలిక గుడారాలు అంటారు. బరువును తగ్గించిన కొద్దీ స్థలం, మన్నిక, గాలిని తట్టుకొనే శక్తి, ధర అనే నాలుగింటిలో ఏదో ఒకదాని విషయంలో సర్దుకొనవలసి వస్తుంది. గుడారం ఎంపిక అంటే ఈ నాలుగింటి మధ్య సమతూకం చూచుకొనడమే.

చరిత్ర

1865లో ఆల్ప్స్ పర్వతాలలోని మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన బృందంలోని ఎడ్వర్డ్ వింపర్ నాలుగు కర్రలతో నిలిచే ఒక గుడారాన్ని రూపొందించాడు. ఆ నమూనా ఆయన పేరుతోనే ప్రసిద్ధి పొందింది. ఆల్బర్ట్ మమ్మరీ అనే మరొక ఆంగ్ల పర్వతారోహకుడు మంచుగొడ్డళ్ళనే కర్రలుగా వాడుకొనే చిన్న గుడారాన్ని ప్రవేశపెట్టాడు. లండన్‌లో దర్జీ వృత్తిలో ఉన్న థామస్ హైరమ్ హోల్డింగ్ సైకిలు మీద తీసుకొనిపోగల తేలిక గుడారాలను ప్రచారం చేసి, 1908లో విడిది జీవితంపై ఒక కరదీపికను ప్రచురించాడు.

1935లో నైలాన్‌ను కనుగొన్న తరువాత, కాలక్రమంలో నూలు గుడ్డ స్థానాన్ని కృత్రిమ వస్త్రాలు ఆక్రమించాయి. 1975లో నార్త్ ఫేస్ సంస్థ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ భావాల ఆధారంగా, కడ్డీలు ఒకదానినొకటి ఖండించుకొనే గుమ్మట నమూనాను విడుదల చేసింది. 1990వ దశకంలో అమెరికాకు చెందిన రే జార్డిన్ తన పుస్తకాల ద్వారా, నడకలో మోసే బరువును బాగా తగ్గించుకొనే పద్ధతికి ప్రాచుర్యం కల్పించాడు.

రకాలు

పొరలను బట్టి గుడారాలు రెండు విధాలు.

రెండు పొరల గుడారం: లోపల దోమతెర వంటి గుడ్డతో చేసిన గది, దానిపై నీరు దిగని కప్పు ఉంటాయి. పై కప్పు మీద చేరిన తేమ లోపల పడుకున్నవారికి నేరుగా తగలదు. బరువు కొంత ఎక్కువ.

ఒక పొర గుడారం: ఒకే గుడ్డ గోడగాను, కప్పుగాను పనిచేస్తుంది. తేలికగా ఉంటుంది, త్వరగా వేయవచ్చు. కాని గోడలోపలి వైపు నీటిబిందువులు చేరి, పడకబట్టలు తడిసే అవకాశం ఎక్కువ.

నిలిచే తీరును బట్టి మూడు విధాలు. తన కడ్డీల ఆధారంతోనే నిలిచేది మొదటిది. ఇది రాతినేల మీద, ఇసుకలో అనుకూలం. కొన్ని మూలలను మేకులతో బిగిస్తేనే పూర్తిగా విచ్చుకొనేది రెండవది. నడకకర్రలను నిలిపి, తాళ్ళతో లాగి కట్టేది మూడవది. మూడవ రకానికి వేరే కడ్డీలు అక్కరలేదు కాబట్టి బరువు బాగా తగ్గుతుంది. అయితే మేకులు దిగని నేల మీద దీనిని వేయడం కష్టం.

వస్త్రాలు

దారం సన్నదనాన్ని డెనియర్ అనే ప్రమాణంతో కొలుస్తారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. తేలిక గుడారాలలో 10 నుండి 30 డెనియర్ల గుడ్డ సాధారణం. ఈ సంఖ్య తగ్గినకొద్దీ గుడ్డ తేలికవుతుంది, ముల్లుకు, రాతికి త్వరగా చిరుగుతుంది.

నైలాన్ బలమైనది. కాని తడిసినపుడు సాగి వదులవుతుంది, కనుక వాన పడే రాత్రి తాళ్ళను మరల బిగించవలసి ఉంటుంది. పాలిస్టర్ నీటిని అంతగా పీల్చుకొనదు, ఎండకు కొంత ఎక్కువ కాలం నిలుస్తుంది. డైనీమా పొరల వస్త్రం అన్నింటికంటే తేలిక, నీటిని పీల్చదు, కాని ధర చాలా ఎక్కువ.

నీరు దిగకుండా గుడ్డకు సిలికోన్ లేదా పాలియురెథేన్ పూత పూస్తారు. పూత నాణ్యతను నీటిస్తంభం ఎత్తుతో తెలుపుతారు. 1,500 మి.మీ. అని ఉన్నచో, అంత ఎత్తు గల నీటి ఒత్తిడి వరకు ఆ గుడ్డ తట్టుకొంటుందని అర్థం. మోకాళ్ళు, మోచేతుల ఒత్తిడి పడుతుంది కాబట్టి నేలగుడ్డకు ఈ విలువ ఎక్కువగా ఉండడం మంచిది.

కొలతలు

గుడారంపై "ఇద్దరికి" అని వ్రాసి ఉన్నంత మాత్రాన ఇద్దరికీ సుఖంగా సరిపోతుందని అనుకోరాదు. నడక ప్రయాణాలకు వాడే మామూలు పరుపు వెడల్పు సుమారు 51 సెం.మీ., వెడల్పు రకం సుమారు 64 సెం.మీ. ఉంటుంది. మొదటి రకం రెండింటికి 102 సెం.మీ., రెండవ రకం రెండింటికి 128 సెం.మీ. స్థలం కావాలి. కొన్ని గుడారాలు తలవైపు వెడల్పుగా ఉండి పాదాలవైపు సన్నబడతాయి, కనుక రెండు కొలతలనూ చూడాలి. పొడవైనవారు తమ ఎత్తుకంటే కనీసం 25 సెం.మీ. ఎక్కువ పొడవు గలదానిని తీసుకోవడం మేలు, లేనిచో తల, పాదాలు తడిగోడకు తగులుతాయి.

రెండు ద్వారాలు, రెండు వసారాలు ఉన్నచో రాత్రివేళ ఒకరు మరొకరిని దాటకుండా బయటకు పోవచ్చు, సంచులను, చెప్పులను వాన తగలకుండా ఉంచుకొనవచ్చు.

ప్రకటించే బరువులు రెండు. గుడ్డలు, కడ్డీలు మాత్రమే లెక్కించినది కనిష్ఠ బరువు. మేకులు, తాళ్ళు, సంచులతో కూడినది మొత్తం బరువు. రెండు గుడారాలను పోల్చునపుడు ఒకే రకపు బరువును పోల్చాలి. ఇద్దరు ప్రయాణీకులు ఒకరు గుడ్డలను, మరొకరు కడ్డీలను, మేకులను పంచుకొని మోయడం ఆనవాయితీ.

తేమ సమస్య

ఉదయం గుడారం లోపల నీరు కనబడితే అది కారిందని చాలామంది భావిస్తారు. తరచుగా అది ఊపిరిలోని తేమయే. మేఘాలు లేని నిశ్చలమైన రాత్రి గుడ్డ తన వేడిని ఆకాశంలోకి కోల్పోయి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. అపుడు లోపలి ఆవిరి గోడపై బిందువులుగా మారుతుంది. గాలి ఆడే కిటికీలను తెరచి ఉంచడం, వాగు ఒడ్డును, పల్లపు నేలను విడిచి కొంచెం మెరకలో విడిది చేయడం దీనికి ఉపాయాలు.

జాగ్రత్తలు

మూసిన గుడారంలో పొయ్యి వెలిగించరాదు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు వలన నిద్రలోనే ప్రాణం పోవచ్చు. పలుచని కృత్రిమ వస్త్రాలు క్షణాలలో అంటుకొంటాయి. గుడారం పిడుగునుండి రక్షణ ఇవ్వదు. ఎండుకొమ్మల క్రింద, వాన వస్తే నీరు పారే ఎండిన వాగులలో విడిది చేయరాదు. మూడు ఋతువుల గుడారాలు భారీ హిమపాతం కొరకు తయారైనవి కావు. వాటిని హిమాలయాలలో శీతాకాలపు నడకలకు తీసుకొనిపోవడం ప్రమాదకరం.

భారతదేశంలో

నల్లమల, తూర్పు కనుమల వంటి ప్రాంతాలలో దోమలు, తేళ్ళు, పాములు ఉంటాయి కాబట్టి, నేలగుడ్డ లేని పైకప్పు కంటే జిప్పుతో పూర్తిగా మూసుకొనే లోపలి గది గల గుడారం తగినది. వెచ్చని రాత్రులలో దోమతెర గోడలు ఎక్కువగా ఉన్న రెండు పొరల నమూనా హాయిగా ఉంటుంది. రక్షిత అడవులలో విడిది చేయడానికి అటవీశాఖ అనుమతి అవసరం. ఉత్తరాఖండ్ ఉన్నత న్యాయస్థానం 2018లో అక్కడి ఎత్తయిన పచ్చికబయళ్ళలో రాత్రి విడిదిని నిషేధించింది. కావున వెళ్ళబోయే చోటి నియమాలను ముందుగా తెలుసుకొనాలి.

సంరక్షణ

తడిసిన గుడారాన్ని ఇంటికి రాగానే నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తేమతో మడిచి ఉంచితే బూజు పట్టడమే కాక, పాలియురెథేన్ పూత క్రమంగా విచ్ఛిన్నమై జిగురుగా మారి దుర్వాసన వేస్తుంది. వేడి, తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతాలలో ఇది త్వరగా జరుగుతుంది. ఎక్కువ కాలం ఎండలో ఉంచితే నైలాన్ బలం తగ్గుతుంది. కొత్త గుడారాన్ని ప్రయాణానికి ముందే ఇంటివద్ద ఒకసారి వేసి, ఇద్దరూ అందులో పడుకొని చూచుకొనడం మంచిది.

ఇవి కూడా చూడండి

పర్వతారోహణ
నైలాన్
హిమాలయాలు