అండమాన్ దీవులలో ఛాయాగ్రహణం: చూపు, హద్దు

అండమాన్ దీవులకు కెమెరా వినోదసాధనంగా రాలేదు. పరిపాలనకు తోడుగా వచ్చింది. 1857 తిరుగుబాటు దరిమిలా ఖైదీల స్థావరానికి అనువైన చోటు వెదకడానికి వైద్యుడు ఎఫ్. జె. మౌవట్ నాయకత్వాన ఒక సంఘం ఆ ఏడాది చివర బయలుదేరింది. కలకత్తాకు చెందిన ఛాయాగ్రాహకుడు ఆస్కార్ మాలిట్ వెంట వెళ్లాడు. సంఘం బంధించి కలకత్తాకు తీసుకువచ్చిన ఒక ఆదివాసిని అతడు చిత్రించాడు. అక్కడ జబ్బుపడిన ఆ మనిషిని తిరిగి దీవికి పంపవలసి వచ్చింది.

ఆ దీవుల ఛాయాచిత్ర చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధుడు మారిస్ విడాల్ పోర్ట్‌మన్. ఆయన వృత్తి ఛాయాగ్రాహకుడు కాడు; 1879లో అండమాన్ ఆదివాసుల వ్యవహారాలకు నియమితుడైన అధికారి. 1890వ దశకంలో బ్రిటిష్ మ్యూజియం కోసం వారి దేహాలను, పనిముట్లను, చేతిపనులను శ్రద్ధతో చిత్రించాడు. గ్రేట్ అండమానీయుల సంఖ్య 1901 జనగణనలో 625. 1961 నాటికి 19. కొత్త రోగాలే ఈ క్షీణతకు ముఖ్య కారణం. ఈనాడు ఆ చిత్రాలు అమూల్యమైన ఆధారాలు. కాని వాటిలోని మనుషులు తమను ఎలా చూపాలో నిర్ణయించినవారు కారు.

కట్టడాల విషయంలో ఇట్టి సందిగ్ధం లేదు. 1896–1906 మధ్య నిర్మించిన సెల్యులర్ జైలుకు ఏడు విభాగాలుండగా నేడు మూడే మిగిలాయి. తక్కినవాటి రూపాన్ని పాత చిత్రాలే చూపుతాయి. 2004 డిసెంబరు 26 సునామీ నాటి భూకంపంలో ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. నీట నిలిచిన అక్కడి దీపస్తంభం చిత్రం ఆ మార్పును ఒక్క చూపులో తెలుపుతుంది. నార్కొండం దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని నార్కొండం హార్న్‌బిల్ పక్షి విషయంలోనూ అంతే: తేదీ, చోటు నమోదు చేసిన ఔత్సాహికుని చిత్రం శాస్త్రజ్ఞునికీ పనికివస్తుంది.

విశాఖపట్నం నుండి ఓడలో వెళ్లే తెలుగు యాత్రికుని చేతిలోనూ నేడు కెమెరా ఉంటుంది. 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనలు 2012లో కఠినతరమయ్యాయి. రక్షిత ప్రాంతాలలో ప్రవేశించి ఆదివాసులను చిత్రించడం శిక్షార్హం. ఆ ఏడాదే జారవా స్త్రీలను యాత్రికుల ఎదుట నర్తింపజేసిన దృశ్యాలు దేశాన్ని కలవరపరిచాయి. కొండా, కోటా, పక్షీ చిత్రానికి అభ్యంతరం చెప్పవు. మనిషి చెప్పగలడు. ఆ మాట వినిపించుకోని చిత్రం ఎంత అందమైనదైనా, మాలిట్ నాటి చూపునే కొనసాగిస్తుంది.