సినిమా చదువు: స్టూడియో నుంచి తరగతి గదికి

ఇంటర్ పూర్తికాగానే ‘డిగ్రీలో సినిమా చదువుతాను’ అని నేడు మీరు ఇంట్లో చెప్పవచ్చు. మీ తాతగారి కాలంలో ఆ మాటకు అర్థమే లేదు. అప్పుడు స్టూడియోయే బడి. వాహినీలో పనిచేసిన కె.వి.రెడ్డి, బి.ఎన్.రెడ్డిగారి పక్కనుండి పని నేర్చుకుని దర్శకుడయ్యారు. 1957లో ‘మాయాబజార్’ తీశారు. గొప్ప పద్ధతే. కాని పరిచయం లేనివాడికి ఆ బడి గేటు తెరుచుకునేది కాదు.

1949లో ప్రభుత్వం వేసిన ఎస్.కె.పాటిల్ సంఘం 1951 నివేదికలో చలనచిత్ర శిక్షణ సంస్థ కావాలంది. అది రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. 1960లో పుణెలో, మూతపడిన ప్రభాత్ స్టూడియో ఆవరణలోనే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వెలసింది. 1964లో అదే ఊళ్ళో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది. దీన్ని చిన్న విషయం అనుకోకండి. పాత చిత్రాలు చూసే వీలులేని సినిమా బడి, పుస్తకాలు లేని కళాశాల వంటిదే కదా! ఆ దశకం మధ్యలో ఋత్విక్ ఘటక్ అక్కడ పాఠాలు చెప్పారు. ఉన్నది కొద్దికాలమే అయినా మణి కౌల్, కుమార్ సహానీ, జాన్ అబ్రహాం ఆయన శిష్యులయ్యారు.

అయితే పుణెలో ఇచ్చింది డిప్లొమా. దర్శకత్వం చదవాలంటే ముందే ఏదో ఒక డిగ్రీ చేతిలో ఉండాలి. 1962లో అక్కడికి వెళ్ళిన అడూర్ గోపాలకృష్ణన్ అప్పటికే పట్టభద్రులు. ప్రభుత్వోద్యోగం వదులుకుని మరీ చేరారు. ఇంటర్‌తోనే సినిమా డిగ్రీలో చేరే వీలు మనవైపు చాలా ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదులో 2011లో అలాంటి కళాశాల ఒకటి మొదలైంది, అదీ అన్నపూర్ణ స్టూడియో ఆవరణలోనే.