ధర్మాసుపత్రి ఎవరి ధర్మం?



పోయిన భాగంలో ఊరి చావడి గురించి రాశాను. ఈసారి చెప్పులు ఎక్కడ విడవాలి, పంచాయితీలో ఎవరు ఎక్కడ నిలబడాలి అనే విషయాలు రాద్దామనుకున్నాను. అయితే మొన్న క్లాసు అయిపోయాక డిగ్రీ రెండో ఏడాది కుర్రాడొకడు ఆగి, "మేడమ్, మా నాయనమ్మ గవర్నమెంటాస్పత్రిని ధర్మాసుపత్రి అంటది. ఎందుకట్టా అంటది?" అని అడిగాడు. ఉచితం కాబట్టి అని చెప్పి పంపించేశాను. ఇంటికొచ్చాక అది సగం జవాబేనని తోచింది. మిగతా సగం కోసం రాస్తున్నదే ఈ భాగం.

ధర్మం అనే మాట మన భాషలో రెండు పనులు చేస్తుంది. బిచ్చగాడు "ధర్మం చెయ్యి తల్లీ" అంటే దానం. ఊరి పెద్ద "ఎవరి ధర్మం వాళ్ళు చెయ్యాలి" అంటే కులం ప్రకారం నడుచుకోమని. ఒకటి చెయ్యి చాపే మాట, ఇంకొకటి చెయ్యి వెనక్కి తీసుకోమనే మాట. ధర్మాసుపత్రి చరిత్ర చదివితే ఈ రెండర్థాలూ ఒకే గేటు దగ్గర ఎదురుపడతాయి.

మద్రాసుతో మొదలుపెడతాను. 1953 దాకా కోస్తా, సీమ జిల్లాలన్నిటికీ రాజధాని అదే, పెద్దాస్పత్రులూ అక్కడే. హైదరాలీతో యుద్ధం, దాని వెంట వచ్చిన కరువుతో పల్లెలు ఖాళీ అయి జనం మద్రాసు మీద పడ్డారు. వాళ్ళకి గంజి పోయడానికి 1782లో ఒక కేంద్రం పెట్టారు. దాని పేరు మణెగార్ చౌల్ట్రీ. ఈ 'చౌల్ట్రీ' అనే ఇంగ్లీషు మాట మన 'చావడి' నుంచి పోయిందేనని పాత ఆంగ్లో ఇండియన్ నిఘంటువులు చెబుతాయి. (చావడి నన్ను వదలడం లేదు, ఏం చెయ్యను.) గంజికి వచ్చినవాళ్ళలో జబ్బుపడ్డవాళ్ళు, ముసలివాళ్ళు ఉంటారు కదా. 1799లో జాన్ అండర్‌వుడ్ అనే సర్జను అక్కడే వైద్యం మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి ఇవాళ్టి స్టాన్లీ ఆస్పత్రి అయింది. పెద్ద మెడికల్ కాలేజీ అయ్యాక కూడా ఉత్తర మద్రాసు జనం దాన్ని 'కంజి తొట్టి ఆస్పత్రి' అనే పిలిచారు. మన మాటలో గంజి తొట్టి. ఎక్కడ మొదలైందో జనం మరిచిపోలేదు.

మన దగ్గర పేదవాడి ఆస్పత్రికి మొదటి రూపం మందు కాదు, గంజి. ఆస్పత్రి గేటు బయట అన్నం పొట్లాల కోసం లైను కట్టేవాళ్ళని చూస్తే నాకు ఆ తొట్టి గుర్తొస్తుంది.

దాని తర్వాత వందేళ్ళకి, అదే ఊళ్ళో ఇంకో ఆస్పత్రి. 1885లో, మేరీ షార్లీబ్ అనే లేడీ డాక్టరు చొరవతో మొదలైంది. ఆడవాళ్ళకి ఆడ డాక్టర్లు కావాలన్న ఉద్యమం దేశమంతా నడుస్తున్న కాలం, డఫ్రిన్ ఫండు కూడా ఆ ఏడాదే పుట్టింది. కొన్నేళ్ళకి ఈ ఆస్పత్రి సొంత భవనానికి లక్ష రూపాయలు ఇచ్చింది మన తెలుగు జమీందారే, నెల్లూరు సీమ వెంకటగిరి రాజా. ఆ రోజుల్లో లక్ష! దాత మనవాడని గర్వపడే ముందు ఆస్పత్రి పేరు చదవండి: 'విక్టోరియా హాస్పిటల్ ఫర్ కాస్ట్ అండ్ గోషా ఉమెన్'. కులం గల ఆడవాళ్ళకీ, గోషా ఆడవాళ్ళకీ ఆస్పత్రి. పేరులోనే ఉంది, బోర్డు మీదే ఉంది. ఉన్న ఆస్పత్రుల్లో తక్కువ కులాలవాళ్ళ పక్కన మంచం మీద పడుకోవడం, పరాయి మగవాళ్ళ కంటపడటం ఇష్టం లేని ఇళ్ళ ఆడవాళ్ళ కోసం కట్టిన ఆస్పత్రి అది.

నేను ఆ తల్లుల్ని తప్పుపట్టడం లేదు. కాన్పులో చనిపోయే ప్రాణానికి కులం లేదు, ఆ ఆస్పత్రి ఎన్నో ప్రాణాలు కాపాడింది. నా గొడవ ఆ 'కాస్ట్' అనే మాటతో. కులం అంటే వాళ్ళకే ఉన్నట్టు, మనం కులం లేనివాళ్ళమైనట్టు! వేరే వార్డు, వేరే వంట, వేరే గుమ్మం అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. స్వతంత్రం వచ్చాక 1948లో పేరు మార్చి కస్తూర్బా గాంధీ ఆస్పత్రి అన్నారు. కానీ పాత 'గోషా ఆస్పత్రి' అనే పేరు జనం నోట ఇంకా ఉంది. గోషా మిగిలింది, కాస్ట్ రాలిపోయింది. బోర్డు మీద నుంచి.

ఆ కాలంలోనే గుంటూరులో కథ కొంచెం వేరేగా నడిచింది. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున అన్నా సారా కుగ్లర్ అనే డాక్టరు 1883లో గుంటూరు వచ్చింది. 1930లో చనిపోయేదాకా ఆమె జీవితమంతా ఆ ఊరితోనే. ఆమె కట్టించిన ఆస్పత్రికి తర్వాత ఆమె పేరే పెట్టారు. మా జిల్లాల్లో 'కుగ్లర్ ఆస్పత్రిలో పుట్టాను' అనేవాళ్ళు ఇవాళ్టికీ కనిపిస్తారు. ఇటు నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల ఆస్పత్రి పెడితే, దానికి పెద్ద విరాళం ఇచ్చింది రాజా నర్సాగౌడ్. దానం అంటే క్షత్రియులు, వైశ్యులే గుర్తొచ్చేవాళ్ళు ఈ పేరు కూడా రాసుకోవాలి.

మిషన్ ఆస్పత్రుల చరిత్ర రాసేవాళ్ళు డాక్టరమ్మతో ఆగిపోతారు. మంచం పక్కన రాత్రంతా కూర్చుని, గుడ్డలు మార్చి, పుండు కడిగి, పురిటి మైల ఎత్తింది ఎవరు? అది అంటుపని. కులం గల ఇళ్ళు తమ ఆడపిల్లల్ని దానికి పంపలేదు. తెలుగునేల మీద తొలితరం నర్సమ్మల్లో ఎక్కువమంది మాల మాదిగ పల్లెల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఇళ్ళ ఆడపిల్లలు. ముట్టుకోకూడని చేతులే ముట్టుకుని బతికించాయి. రాజావారి లక్షకి శిలాఫలకం ఉంది. వీళ్ళ చేతులకి లేదు.

ఇంకో సంగతి. రోగితోపాటు ఇంట్లోవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి ఆస్పత్రి ఆవరణలోనే పొయ్యి పెట్టుకోవడం మనకి పాత అలవాటు. ఎవరి చేతి కూడు ఎవరు తింటారన్న సమస్య మన దగ్గర అంత పెద్దది. ఆస్పత్రి అన్నం ముట్టని కులాలు తమ వంట తాము చేసుకున్నాయి, ఆస్పత్రులు సరే అన్నాయి. పేదరికం, సిబ్బంది కొరత లాంటి కారణాలు ఇంకా ఉన్నాయనుకోండి. కానీ రోగి వెంట మనిషి ఉండి తీరాలనే పద్ధతి మన దగ్గర ఇంత గట్టిగా పాతుకుపోవడంలో కులానికి వాటా ఉందని నేను అనుకుంటాను. మడి కోసం వచ్చిన అలవాటు ఇవాళ కూలి జనం నెత్తిన పడింది. స్ట్రెచర్ తోసేది, రక్తం సీసా తెచ్చేది, ఎక్స్‌రే దాకా మోసేది అటెండెంటే. జీతం లేని సిబ్బంది. అందులోనూ ఎక్కువమంది ఆడవాళ్ళు.

ఇక్కడ నా సొంత సంగతి చెప్పాలి. 2006లో, మిరపకాయ బస్తాల లారీ మీంచి పడి మా నాన్న తొడ ఎముక విరిగింది. నేను ఇంటర్ రెండో ఏడాది. ఒక పెద్ద గవర్నమెంటాస్పత్రిలో ఇరవైమూడు రోజులు ఉన్నాం. నాన్న లోపల, అమ్మా నేనూ బయట వేపచెట్టు కింద. ఎదురుగా రోడ్డవతల ఒక సత్రం ఉండేది. రోగుల బంధువులకి ఉచిత వసతి అని గోడమీద రాసుంది. నాలుగో రోజు వాన పడితే వెళ్ళాం. బల్ల దగ్గర కూర్చున్నాయన ఏ ఊరని అడిగాడు. చెప్పాం. ఇంటిపేరు అడిగాడు. చెప్పాం. "ఊళ్ళో ఏ వైపు?" అన్నాడు. అమ్మ నా మొహం చూసింది. దానికీ చెప్పాం. గదులు ఖాళీ లేవన్నాడు.

"గది వద్దులే అయ్యా, ఆ వసారాలో ఓ మూల పడుకుంటాం. ఆడపిల్ల తడుస్తంది" అంది అమ్మ. వసారా కూడా ఖాళీ లేదట. మా కళ్ళముందే వసారా ఖాళీగా ఉంది.

తిరిగొస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అమ్మకి రాలేదు. "ఆయన ధర్మం ఆయన చేశాడులే అమ్మాయ్" అంది. ఎత్తిపొడుపుగా అందో, మామూలుగానే అందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుగులో డాక్టరేటు చేసినదాన్ని, ఆ ఒక్క వాక్యానికి తాత్పర్యం చెప్పలేను.

అప్పుడు నాకు తెలియనిది, మీకు తెలిసి ఉండాల్సింది ఒకటుంది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది, దాని అయిదో సెక్షన్ ప్రజల కోసం పెట్టిన ఆస్పత్రిలో, డిస్పెన్సరీలో అంటరానితనం పేరుతో చేర్చుకోకపోవడం నేరమంటుంది. అది చాలామందికి తెలుసు. నాలుగో సెక్షన్ తక్కువమంది చదువుతారు. అందులో సత్రాల మాట ఉంది. సాధారణ ప్రజల మేలు కోసం ఏర్పడిన ధర్మనిధి నుంచి వచ్చే ఏ ప్రయోజనాన్నయినా అంటరానితనం పేరుతో అడ్డుకుంటే శిక్ష అని కూడా ఉంది. దాత దయ అనుకునే చోటికి కూడా చట్టం వచ్చి నిలబడింది. అందరికీ అని బోర్డు పెట్టాక అది అందరిదీ. లా చదివే పిల్లలు ఈ సెక్షన్ మూలపాఠం తెచ్చుకుని చదవండి.

ఆ చట్టం ఊరికే రాలేదు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో పొందుపరిచిన కాఠియావాడ్ టీచరు సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. 1929 నాటిది. బాలింత జబ్బుపడితే డాక్టరు వాడలోకి రానన్నాడు. పసిబిడ్డతో సహా ఆమెని వాడ బయటికి తీసుకొస్తే, థర్మామీటరు ముందు ఒక ముస్లిం చేతికి, ఆయన చేతి నుంచి భర్త చేతికి, భర్త చేతి నుంచి ఆమెకి. తిరిగి అదే దారిన వెనక్కి. ఆమె బతకలేదు. అంతకు ముప్పైరెండేళ్ళ ముందే, 1897 పుణె ప్లేగులో, సావిత్రీబాయి మహర్ వాడ పిల్లాడిని తన వీపున మోసుకొచ్చింది. ఆ జబ్బు అంటుకునే చనిపోయింది. ముట్టుకోవడం అనే పని మీద మన దేశంలో వైద్యం రెండుగా చీలింది. ఒక డాక్టరు థర్మామీటరుకి దళారీని పెట్టుకున్నాడు, ఒక టీచరు వీపు ఇచ్చింది.

ఇంతకీ ఆ నాయనమ్మ అనే ధర్మాసుపత్రి నిజంగా ధర్మమేనా? మద్రాసు రాజధానిలో 1871 చట్టంతో, తర్వాత 1884 లోకల్ బోర్డుల చట్టంతో తాలూకా ఆస్పత్రులు లోకల్ ఫండుతో నడిచాయి. పాత ఊళ్ళలో ఎల్.ఎఫ్. ఆస్పత్రి అనే మాట అందుకే ఉంది. ఆ ఫండులో పెద్ద వాటా భూమి మీద వేసిన సెస్సుది. సెస్సు కట్టింది పట్టాదారు కావచ్చు, ఆ భూమిలో చెమట ఎవరిది? పాలేరు పండించిన గింజల్లోంచి పోయిన డబ్బుతో కట్టిన ఆస్పత్రికి వెళ్ళి పాలేరు భార్య "ధర్మ ప్రభువులు" అని దండం పెట్టింది. ఎవరి సొమ్ము ఎవరికి ధర్మం!

మా నాన్న ఆరోగ్యశ్రీ రావడానికి ఒక్క ఏడాది ముందు పడ్డాడు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో అది మొదలైంది. దానిమీద నాకున్న విమర్శలు ఇంకో భాగంలో రాస్తాను. ఇక్కడ చెప్పదలిచింది ఒకటే, అది ఆపరేషను ఖర్చు లెక్కపెట్టింది గానీ కూలి లెక్కపెట్టలేదు. పేదోడు ఆస్పత్రిలో పడితే పోయేది రెండు కూలీలు, రోగిదీ, పక్కన కూర్చున్న మనిషిదీ. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పెట్టిన 'ఆరోగ్య ఆసరా' మొదటి కూలీని గుర్తించింది. ఆపరేషను తర్వాత కోలుకునే రోజులకి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. హైదరాబాదులో 2022 మేలో 18 ప్రభుత్వాస్పత్రుల దగ్గర రోగి బంధువులకి మూడుపూటలా ఐదు రూపాయల భోజనం మొదలైంది. అది రెండో మనిషి ఆకలిని గుర్తించింది. ఆ మనిషి కూలిని మాత్రం ఎవరూ గుర్తించలేదు. అమ్మకి అప్పుడు రోజుకూలి యాభై. ఇరవైమూడు రోజులకి పదకొండు వందల యాభై. ఏ లెక్కలోనూ అది రాలేదు.

ఐదు రూపాయల అన్నాన్ని వెటకారం చేసే మేధావులు కొంతమంది ఉన్నారు, మన వైపు కూడా. వేపచెట్టు కింద ఇరవైమూడు రోజులు కూర్చుని రండి, తర్వాత మాట్లాడదాం. అన్నం అన్నమే. కానీ అది తొట్టిలో పోసే గంజిలా వస్తుందా, టోకెను తీసుకుని బల్ల మీద కూర్చుని తినే భోజనంలా వస్తుందా అన్నది చిన్న తేడా కాదు. ఐదు రూపాయలు చేతిలోంచి ఇచ్చినప్పుడు అమ్మలాంటివాళ్ళు తల ఎత్తి అడుగుతారు, "ఇంకొంచెం పప్పు వెయ్యి బాబూ" అని. ఉచిత పొట్లం దగ్గర అలా అడగడం నేను ఎప్పుడూ వినలేదు.

మేం ఆ ఇరవైమూడు రోజులు ఎట్లా గడిపామో కూడా చెప్పాలి. రెండో వారంలో మా పల్లె నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళ దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం. ఇంటింటికీ తిరిగి చందా రాసిన పుస్తకం. పది రూపాయలు, ఇరవై రూపాయలు, ఒకచోట 'అయిదు, మిగతా అయిదు శనివారం ఇస్తానన్నాడు' అని. డబ్బుల్లేని ఇల్లు సోల బియ్యం ఇచ్చింది. ఒక ముసలామె ఆరు కోడిగుడ్లు పంపింది, నాన్నకి ఎముక అతుక్కుంటదని. మొత్తం డెబ్బై ఒక్క పేర్లు, పదమూడు వందల ఎనభై అయిదు రూపాయలు. రక్తం కావాల్సొచ్చినప్పుడు అంబేద్కర్ యువజన సంఘం పిల్లలు ముగ్గురు బస్సు టాప్ మీద కూర్చుని వచ్చారు. ఆ వార్డులో ఊడ్చే ఆయా, ఏ ఊరో ఏ ఇల్లో అడక్కుండా, రోజూ పొద్దున అమ్మకి స్టాఫు బాత్‌రూము తాళం ఇచ్చేది.

నోటుపుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. పోయిన నెల అమ్మతో కూర్చుని పేరు పేరూ చదివాను. ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, ఎవరి పిల్లలు ఎక్కడున్నారు, అమ్మ చెబుతుంటే పెన్సిలుతో పక్కన రాసుకున్నాను. డెబ్బై ఒక్కమందిలో ఇరవై తొమ్మిదిమంది లేరు. శనివారం ఇస్తానన్న అయిదు రూపాయలు ఇచ్చాడట. అది వేరే పేజీలో ఉంది.

మీ ఇళ్ళలో, మీ సంఘాల ట్రంకుపెట్టెల్లో ఇలాంటి చందా పుస్తకాలు ఉంటే పారేయకండి. ఫొటోలు తీసి పెట్టండి. వచ్చే వారం తొలితరం నర్సమ్మల గురించి రాస్తాను. మీ నాయనమ్మల్లో, అమ్మమ్మల్లో ఎవరైనా మిషన్ ఆస్పత్రిలో పనిచేసి ఉంటే ఈలోగా వాళ్ళని కూర్చోబెట్టి అడగండి, మొదటి జీతం ఎంత, ఎక్కడ పడుకునేవాళ్ళు, ఎవరు ఏమని పిలిచేవాళ్ళు.

జై భీమ్.