పల్నాడు పత్తి, మిర్చి: మద్దతు ధర, విదేశీ వ్యాపారం

పల్నాడు జిల్లా వాణిజ్య పంటల్లో పత్తి, మిర్చి ముఖ్యమైనవి. రెండింటి ధరా విదేశీ గిరాకీని బట్టి ఆడుతుంది. ప్రభుత్వ అండ మాత్రం రెండింటికీ ఒకేలా లేదు.

పత్తికి కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025-26లో పొడవు పింజ రకానికి క్వింటా 8,110 రూపాయలు. బయట అంత పలకకపోతే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొంటుంది. అయితే తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే అసలు కొనరు. మంచు ఆరకముందే తీసిన పత్తికి ఈ లెక్కలో ఇబ్బందే.

2021 బడ్జెట్‌లో విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం వేశారు. 2025 ఆగస్టు 19న దాన్ని ఎత్తేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించారు. మిల్లులకు దూది చవగ్గా దొరకాలన్నది ఉద్దేశం. ఆ గడువు చివరి నెలల్లోనే రైతు కొత్త పత్తి తీస్తాడు. మనకు పత్తి పంపే దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడి పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి గెలిచింది. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలు 2003 నుంచీ ఇదే గోడు వినిపిస్తున్నాయి. విచిత్రమేమిటంటే, భారత్ పత్తికిచ్చే మద్దతు ధర ఆ సంస్థ పరిమితిని మించిందని 2018లో ఫిర్యాదు చేసింది ఆ అమెరికాయే.

మిర్చికి మద్దతు ధరే లేదు. కల్లంలో ఎండబెట్టి, తాలు కాయలు ఏరి, టిక్కీలకు (బస్తాలకు) ఎత్తి గుంటూరు యార్డుకు తోలాక రైతు చేతిలో ఉండేది తక్కువ. చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్ వంటి వర్ధమాన దేశాలే పెద్ద కొనుగోలుదారులు. తేజ రకానికి చైనా గిరాకీ కీలకం. అది మందగిస్తే యార్డులో ధర జారుతుంది. కోల్డ్ స్టోరేజీలో దాచి ఆగగలిగినవాడు ఆగుతాడు, అప్పు తీర్చాల్సినవాడు అమ్ముకుంటాడు.

2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకాన్ని వర్తింపజేసి, క్వింటా 11,781 రూపాయల లెక్కన 2.43 లక్షల టన్నులకు ఆమోదం ఇచ్చింది. అది ఆ ఒక్క సీజనుకు ఇచ్చిన ఊరట. ఏటేటా ప్రకటించే మద్దతు ధరల జాబితాలో మిర్చి చేరలేదు.