కేస్లాపూరు నాగోబా జాతర – గోండుల ధర్మసభ

ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి ప్రాంతమునందలి కేస్లాపూరు, గోండులలోని మెస్రం వంశీయుల కులదైవమగు నాగోబాకు స్థానము. పుష్య బహుళామావాస్యనాడు మొదలగు జాతర యొక వంశమువారి పూజయే యయ్యును, ఆ కొండసీమ కంతటికిని బహిరంగసభ యైనది. కులదైవారాధనమునకు లోకవ్యవహారమున నింతటి స్థాన మెట్లు కలిగెనో విచారింపదగును.

గోండుల మతమును సంఘమును వేఱుగా నుండవు. వంశములు నాలుగు, అయిదు, ఆఱు, ఏడు వేల్పుల వర్గములుగా నేర్పడియున్నవి. ఒకే వర్గమున వివాహము నిషిద్ధము. మెస్రంవా రేడు వేల్పులవారు. వీరి వంశగాథలను పర్ధానులు కీక్రి వాయించుచు గానము సేయుదురు. జాతరకు ముందు మెస్రంవారు కాలినడకను బోయి, హస్తినమడుగున గోదావరీజలమును ముంచి తెచ్చి, దైవము నభిషేకింతురు. క్రొత్తకోడండ్రు 'భేటింగ్' అను క్రతువున నాగోబా నెదుట నిలిచిన పిమ్మటనే వంశపూజల కర్హలగుదురు. ఎవరు తమవారో నిర్ణయించునది యీ పూజయే.

1751లో చాందా గోండురాజ్యము మరాఠాల వశమయ్యెను. రాజ్యము పోయినను వంశపు పెద్దలును వేల్పులును నిలిచిరి. నిజాము కాలమున అడవి నిర్బంధములును, బయటివారు భూముల నాక్రమించుటయు గోండులను నిరాధారులను జేసెను. 1940లో జోడేఘాట్ కడ కుమ్రం భీము పోలీసు కాల్పులకు గుఱియై మడిసెను. పిదప ప్రభుత్వము గోండుల స్థితిని పరిశీలింపుమని, ఆస్ట్రియాలో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫును నియోగించెను. జాతరకు జనము తమంత తామే కూడుటను గమనించి, అధికారు లచ్చటికే వచ్చి మొఱ లాలకించు దర్బారున కాతడు ఆ దశకముననే కారకుడయ్యెను. కచేరీ మెట్లెక్క వెఱచువారు తమ వేల్పు ముంగిట నోరు విప్పగలిగిరి.

అయినను మొఱ వినుట వేఱు, భూమి నిచ్చుట వేఱు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభ కూడిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరుపగా, ప్రభుత్వపు లెక్క ప్రకారమే 13 మంది మరణించిరి.

తెలంగాణము ఏర్పడిన పిదప జాతర రాష్ట్రోత్సవమయ్యెను. దీనివలన గౌరవమును సౌకర్యములును హెచ్చినమాట నిజము. కాని దర్బారు పూజ నాశ్రయించి పుట్టినదని మఱువరాదు. గోదావరీజలమును దెచ్చుటయు, కోడండ్రను వంశమున జేర్చుకొనుటయు మెస్రంవారి యధీనమున నున్నంతకాలము అచ్చటికి వచ్చు నధికారి యతిథియే. ఆ క్రమము తాఱుమాఱైనచో జాతర మిగులును గాని ధర్మసభ మిగులదు.